పసుపు చొక్కా ఏం చేయాలని అడిగావు కదా

చిరంజీవి అల్లుడికి,

నీ మెసేజ్ నిన్న రాత్రి చూశాను. మన ఫుట్‌బాల్ టీమ్ హైదరాబాద్ ఎఫ్‌సీ పేరు మార్చుకుని ఢిల్లీకి వెళ్ళిపోయింది, నా దగ్గరున్న పసుపు జెర్సీ ఏం చేయను మామయ్యా, ఎవరికైనా ఇచ్చేయనా అని అడిగావు. ఇది ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలేది కాదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ఇవ్వకు. మా బీరువాలో, మీ అత్తయ్య పట్టుచీరల కింద, ఐపీఎల్‌లో మన మొదటి టీమ్ దక్కన్ ఛార్జర్స్ నీలం చొక్కా ఇప్పటికీ ఉంది. ఆ ఫ్రాంచైజీని బీసీసీఐ 2012లోనే రద్దు చేసింది. ఏటా సంక్రాంతి ముందు ఇల్లు దులిపేటప్పుడు మీ అత్తయ్య దాన్ని పాత బట్టల మూటలో పడేస్తుంది, నేను తీసి మళ్ళీ లోపల పెడతాను. ముప్పై ఏళ్ళ కాపురంలో మాకు తెగని తగువు అదొక్కటే.

ఆ టీమ్ మొదటి ఏడాది, 2008లో, పద్నాలుగు మ్యాచ్‌లాడి రెండు గెలిచింది. సొంత మైదానం ఉప్పల్లో ఒక్కటీ గెలవలేదు. నేను రామంతాపూర్ నుంచి నడిచి వెళ్ళి, ఓడిపోతే అదే దారిలో నడిచి వచ్చేవాణ్ణి. మరుసటేడు ఎన్నికలని ఐపీఎల్ మొత్తం దక్షిణాఫ్రికాకు వెళ్ళింది. అక్కడ ఫైనల్లో కెప్టెన్ గిల్‌క్రిస్ట్ సున్నాకే అవుట్. చేసింది 143. అయినా ఆరు పరుగులతో గెలిచాం, ఆఖరి ఓవర్ ఆర్పీ సింగ్ వేశాడు. కప్పు వచ్చింది కదా, ఇక ఉప్పల్లో జాతరే అనుకున్నాం. 2010లో తెలంగాణ ఉద్యమం వల్ల ఇక్కడ ఒక్క మ్యాచ్ కూడా పెట్టలేదు. నాగ్‌పూర్, కటక్, ముంబై తిరిగారు. ఛాంపియన్లను సొంత ఊరి జనం ఆ ఏడాదంతా టీవీలోనే చూశారు.

ఎప్పుడైనా గమనించావా? ఫ్రాంచైజీ క్రికెట్‌లో, ఫుట్‌బాల్‌లో మన ఊరికి వచ్చిన మూడు కప్పులూ బయటి ఊళ్ళలో గెలిచినవే. 2009లో ఛార్జర్స్ జొహన్నెస్‌బర్గ్‌లో, 2016లో సన్‌రైజర్స్ బెంగళూరులో, 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ గోవాలోని ఫటోర్డాలో. బ్యాడ్మింటన్‌లో హైదరాబాద్ హంటర్స్ ఒక్కటే 2018లో మన గచ్చిబౌలిలో గెలిచింది. 2020 తర్వాత ఆ లీగే జరగలేదు. అందుకే చెబుతున్నాను, టీమ్ అంటే మన ఊళ్ళో అద్దెకు దిగిన కుటుంబం. ఉన్నన్నాళ్ళూ పండక్కి పిలువు, పిల్లల్ని ఎత్తుకో. ఖాళీ చేసి పోతే మాత్రం ఇల్లు పోయినట్టు ఏడవకు.

ఛార్జర్స్ తర్వాత వచ్చిన మన ఐపీఎల్ టీమ్ సన్‌రైజర్స్‌లో మనవాళ్ళు లేరని నువ్వూ నీ ఫ్రెండ్సూ గొడవ పడుతుంటారు. అది పాత బాధే. రాయుడు ముంబైకీ చెన్నైకీ ఆడాడు. తిలక్ వర్మ ముంబైలో ఉన్నాడు. విశాఖ అమ్మ కొడుకు రోహిత్ దక్కన్‌కి ఆడి, ముంబైకి పోయి అక్కడ అయిదు కప్పులు ఎత్తాడు. ఆ మాట తలచుకుంటే నాకిప్పటికీ కడుపులో మండుతుంది. 2025 ఏప్రిల్లో సిరాజ్ గుజరాత్ తరఫున ఉప్పల్‌కి వచ్చి మనవాళ్ళవే నాలుగు వికెట్లు తీశాడు. నేను లేచి చప్పట్లు కొట్టాను. పక్కన సన్‌రైజర్స్ నారింజ చొక్కా వేసుకున్న కుర్రాడు నన్ను ఇంటి దొంగని చూసినట్టు చూశాడు. నా లెక్క వేరు బాబూ. ఆటో నడిపిన మనిషి కొడుకు మన గల్లీల్లో టెన్నిస్ బంతితో నేర్చుకుని అంతవాడైతే, ఏ చొక్కా వేసుకున్నా నా చప్పట్లు వాడివే. మ్యాచ్ ఓడిన కోపం వేరే ఖాతా. రెండూ కలిపేయకు. మన విశాఖ నితీశ్ రెడ్డి నారింజ రంగులో ఆడిన రోజు రెండు ఖాతాలూ ఒకటవుతాయి, ఆ రోజు హాయిగా ఉంటుంది.

ఇక ఆఫీసులో గొప్పలు పోవద్దు. 2024లో మనవాళ్ళు ముంబై మీద 277, బెంగళూరు మీద 287 కొట్టారు. లక్నో మీద 166 లక్ష్యాన్ని పది ఓవర్లలోపే, వికెట్ పోకుండా లాగేశారు. ఆ సీజనంతా నువ్వు వాట్సాప్‌లో పెట్టిన స్టేటస్‌లు నేను చూశాను. తర్వాత ఫైనల్లో 113కే ఆలౌట్. రెండు రోజులు ఎవరి ఫోనూ ఎత్తలేదని మీ అమ్మ నాకు ఫోన్ చేసి కంగారు పడింది. ఈ టీమ్ తీరే అంత, కొడితే ఆకాశం, పడితే పాతాళం. చెన్నై వాడితో పందెం వేస్తే కాఫీ వరకే వెయ్యి.

పందెం అంటే గుర్తొచ్చింది. బెట్టింగ్ యాప్‌ల జోలికి మాత్రం పోకు. మా ఆఫీసులో ఒకాయన కూతురి పెళ్ళికి దాచిన డబ్బు రెండు సీజన్లలో పోగొట్టుకున్నాడు. అంతకన్నా రాయను.

క్రికెట్ సరే, నువ్వు కబడ్డీ చూడటం లేదు. అది తప్పు. మీ తాత విజయదశమికి ఊళ్ళో చెడుగుడు ఆడించేవాడు, కూత మధ్యలో ఊపిరి తీశావో, అవుటే. అలాంటి ఆట మనది. ప్రో కబడ్డీ లీగ్‌లో మన జట్టు తెలుగు టైటాన్స్‌కి అభిమానిగా ఉండటమంటే ఎలా ఉంటుందో చెప్పనా? ఎనిమిది, తొమ్మిది, పది, ఈ మూడు సీజన్లలో 66 మ్యాచ్‌లాడి అయిదు గెలిచాం. మూడుసార్లూ అట్టడుగు. పవన్ సెహ్రావత్‌ని రెండు కోట్ల అరవై లక్షలు పెట్టి తెచ్చినా అంతే. వాడు కూతకి వెళ్ళి పాయింట్లు తెస్తాడు, ఇటు పట్టు పట్టేవాడుండడు. ఒక్క రైడర్ మీద టీమ్ నడవదని అప్పుడు తెలిసింది. రాహుల్ చౌదరి రోజుల నుంచీ మనకి ఇదే జబ్బు. ఒక స్టార్‌ని మోస్తాం, వెనక నాలుగు మూలలూ ఖాళీ. 2025లో విజయ్ మలిక్ కెప్టెన్‌గా, భరత్ తోడుగా, అంత పెద్ద పేరు లేని జట్టే ప్లేఆఫ్స్‌కి వెళ్ళింది. ఆ సీజన్ మొదలైంది కూడా మీ విశాఖలోనే. ఈసారి వస్తే కబడ్డీకి ముందు వరసలో కూర్చో. చాప మీద ఒళ్ళు పడ్డ చప్పుడు టీవీలో రాదు.

స్టేడియానికి వెళ్ళేటప్పుడు రెండు మూడు మాటలు. టికెట్ గేటు బయట కొనకు. ఒకసారి నేను కొన్నది దొంగ టికెట్, స్కానర్ ఎర్రలైటు వేసింది, మ్యాచంతా బయట మిర్చి బజ్జీల బండి దగ్గర రేడియోలో విన్నాను. మధ్యాహ్నం మ్యాచైతే తూర్పు వైపు సీటు తీసుకోకు, దిగే ఎండ సరాసరి కళ్ళలో కొడుతుంది. బైకు వద్దు, మెట్రోకి పో. ఉప్పల్ దగ్గర స్టేడియం అనే స్టేషనే ఉంది.

ఇప్పుడు నీ పసుపు చొక్కా. 2022 ఫైనల్ రాత్రి మనిద్దరం మా హాల్లో చూశాం. కేరళతో 1-1. పెనాల్టీల్లో కట్టిమణి మూడు ఆపాడు. నువ్వు సోఫా మీదెక్కి గెంతావు, ఆ స్ప్రింగు ఇప్పటికీ కిర్రుమంటుంది. రెండేళ్ళు తిరక్కుండానే డబ్బుల్లేక ఆటగాళ్ళు వెళ్ళిపోయారు, సీజన్ మొత్తంలో ఒక్క గెలుపు. అయినా ఈ ఊరి ఫుట్‌బాల్ 2019లో పుట్టలేదురా. రహీం సాబ్ కోచ్‌గా ఉండగా హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 54 దాకా వరసగా అయిదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన చేతి కింద ఇండియా 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి వెళ్ళింది, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చింది. ఆ జట్లలో ఆడిన తులసీదాస్ బలరాం మన సికింద్రాబాద్ కుర్రాడు. వాళ్ళకి ఫ్రాంచైజీ ఎవడిచ్చాడు?

చొక్కా ఉంచుకో. తిరగేసి చన్నీళ్ళలో ఉతుకు, అక్షరాల మీద ఇస్త్రీ పెట్టె పెట్టకు. నా నీలం చొక్కా మీద ఎద్దు బొమ్మకి ఒక కొమ్ము అలాగే ఊడిపోయింది.

ఆశీస్సులతో,
మీ మామయ్య