ప్రతిపాదిత ఎల్‌ఎన్‌జీ ఎగుమతి టెర్మినల్ ఎలా నిలబడుతుంది, ఎక్కడ ఆగిపోతుంది

ఛత్రపురం నుంచి అడిగిన మిత్రుని ప్రశ్నలో రెండు విషయాలున్నాయి. ద్రవీకృత సహజవాయువును, అంటే ఎల్‌ఎన్‌జీని, ఎగుమతి చేసే టెర్మినల్‌ను ఒక తీరంలో కట్టబోతున్నామని ఒక కంపెనీ ప్రకటించిన తరువాత, అది నిజంగా పనిచేసే స్థితికి రావడానికి ఏమేం జరగాలన్నది మొదటిది. ఒడిశా తీరంలోని మన గోపాల్‌పూర్ రేవులో వస్తుందని చెప్పుకుంటున్నది కూడా అటువంటిదేనా, దాన్ని నమ్ముకుని గల్ఫ్‌లో వెల్డరుగా ఉన్న తమ్ముణ్ణి వెనక్కి పిలిపించవచ్చా అన్నది రెండవది. నేను బరంపురం వాణ్ణి. ఖతార్‌లోని రాస్ లఫాన్ అనే ఎల్‌ఎన్‌జీ ఎగుమతి కేంద్రంలో, పైపింగ్ విభాగంలో చాలాకాలం పనిచేసి, ఆ తరువాత ఒక ఇంజనీరింగ్ కార్యాలయంలో, ఒక ప్రతిపాదిత ఎగుమతి టెర్మినల్‌కు నమూనాలు తయారుచేసిన బృందంలో ఉన్నాను. కనుక కట్టినదాన్నీ చూశాను, కాగితం మీదే నిలిచిపోయినదాన్నీ చూశాను.

ముందుగా తమ్ముని సంగతి చెబుతాను. ప్రకటన చూసి ఎవరూ ఉద్యోగం వదులుకోవలసిన పని లేదు. తుది పెట్టుబడి నిర్ణయం, అంటే ఇక డబ్బు పెట్టి కట్టడమేనన్న యాజమాన్యపు నిర్ణయం, వెలువడి, నిర్మాణ కాంట్రాక్టు ఒక సంస్థకు దక్కి, ఆ సంస్థ నేల చదును చేయడం మొదలుపెట్టిన తరువాత కూడా వెల్డర్లకు పని రావడానికి ఏడాదికి పైగా పట్టవచ్చు, ఎందుకంటే మొదట వచ్చేది మట్టిపని, పునాదులు, కాంక్రీటు. పైపుల పని ఆ తరువాతిది.

ఎగుమతి టెర్మినల్ అంటే అసలు ఏమి కడతారో తెలిస్తే తక్కిన కథ సులువుగా అర్థమవుతుంది. బావుల నుంచి గొట్టపుమార్గంలో వచ్చిన వాయువులోని కార్బన్ డయాక్సైడును, హైడ్రోజన్ సల్ఫైడును, తేమను, పాదరసాన్ని తీసివేస్తారు. తేమ మిగిలితే అది గడ్డకట్టి మార్గాన్ని మూసేస్తుంది, పాదరసం మిగిలితే అల్యూమినియంతో చేసిన ఉష్ణవినిమయ యంత్రాలను తినేస్తుంది. శుద్ధి చేసిన వాయువును, ట్రెయిన్ అని పిలిచే ద్రవీకరణ శ్రేణిలో పెద్ద పెద్ద కంప్రెసర్ల సాయంతో మైనస్ 162 డిగ్రీల సెల్సియస్ వరకు చల్లబరిస్తే అది ద్రవంగా మారి, సుమారు 600వ వంతు చోటులో ఇముడుతుంది. ఆ ద్రవాన్ని లోపల 9 శాతం నికెల్ ఉక్కు, బయట కాంక్రీటు గోడ ఉన్న ట్యాంకుల్లో నిల్వచేసి, జెట్టీ దగ్గరకు వచ్చిన ఓడల్లోకి నింపుతారు. ఇప్పుడు సాధారణంగా వాడుకలో ఉన్న ఓడ 1,74,000 ఘనమీటర్లు మోస్తుంది. ఏడాదికి 50 లక్షల టన్నులు తయారుచేసే శ్రేణికి అయిదారు రోజులకొక ఓడ రావాలి. ఇందులో అన్నిటికన్నా ఖరీదైనది, అన్నిటికన్నా ఆలస్యమయ్యేది ద్రవీకరణ భాగమే. దిగుమతి టెర్మినల్‌లో ఆ భాగమే ఉండదు. అక్కడ ఓడ నుంచి ద్రవాన్ని దించుకుని, వేడిచేసి, మళ్లీ వాయువుగా మార్చి గొట్టాల్లోకి పంపుతారు. అందుకే ఖర్చులోనూ, మనుషుల అవసరంలోనూ రెండింటికీ చాలా తేడా ఉంటుంది.

ప్రతిపాదన నుంచి తొలి ఓడ వరకు దశలు ఇలా సాగుతాయి. స్థలాన్ని ఎంచుకుని, సముద్రపు లోతు, అలలు, నేల స్వభావం పరిశీలిస్తారు. ప్రాథమిక రూపకల్పన, ఆపైన ఇంజనీర్లందరూ ఫీడ్ అనే సవివర రూపకల్పన జరుగుతాయి. దానికి సమాంతరంగా పర్యావరణ అధ్యయనాలు, ప్రభుత్వ అనుమతులు నడుస్తాయి. మరొక పక్క కొనుగోలుదారులతో దీర్ఘకాలిక ఒప్పందాలు, బ్యాంకులతో అప్పు చర్చలు సాగుతాయి. ఇవన్నీ కుదిరిన రోజున యాజమాన్యం తుది పెట్టుబడి నిర్ణయం తీసుకుంటుంది. అక్కడి నుంచి నిర్మాణానికి నాలుగైదేళ్లు పట్టడం మామూలే. పత్రికల్లో అనుమతుల గురించి పెద్ద అక్షరాలతో రాస్తారు గాని, నా అనుభవంలో ప్రాజెక్టును నిలబెట్టేది కొనుగోలుదారుని సంతకమే.

అమెరికాలోని లూసియానా తీరాన ఉన్న సబీన్ పాస్‌ను చూడండి. అది మొదట దిగుమతి టెర్మినల్‌గా 2008లో మొదలయింది. రాతిపొరల్లోంచి తీసే షేల్ వాయువు అమెరికాలోనే విరివిగా దొరకడంతో దిగుమతి అవసరం పోయి, యజమానులు దాన్ని ఎగుమతికి మార్చదలచారు. అమెరికాతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం లేని దేశాలకు పంపడానికి అక్కడి ఇంధన శాఖ 2011లో అనుమతి ఇచ్చింది. మన దేశం ఆ కోవలోకే వస్తుంది కాబట్టి ఆ అనుమతి లేకుండా మనకు సరుకు రాదు. నిర్మాణానికి అక్కడి ఇంధన నియంత్రణ సంస్థ ఫెడరల్ ఎనర్జీ రెగ్యులేటరీ కమిషన్ అనుమతి 2012 ఏప్రిల్‌లో వచ్చింది. అయితే దానికి ముందే, 2011 చివరి నుంచి 2012 జనవరి లోపల, నలుగురు కొనుగోలుదారులు ఇరవయ్యేళ్ల ఒప్పందాలు చేసుకున్నారు. వారిలో మన ప్రభుత్వరంగ వాయు సంస్థ గెయిల్ ఒకటి. అది 2011 డిసెంబరులో ఏడాదికి 35 లక్షల టన్నులకు సంతకం చేసింది. మొదటి రెండు ట్రెయిన్లకు పెట్టుబడి నిర్ణయం 2012లో జరిగింది, తొలి ఎగుమతి ఓడ 2016 ఫిబ్రవరిలో బయలుదేరింది. గెయిల్‌కు ఆ ఒప్పందం కింద తొలి సరుకు మహారాష్ట్రలోని దభోల్‌కు 2018 మార్చిలో చేరింది. జెట్టీ, ట్యాంకులు ముందే కట్టి ఉన్న చోటే, అంత వేగంగా నడిచిన ప్రాజెక్టులోనే, సంతకానికీ సరుకుకూ నడుమ ఆరేళ్లకు పైగా గడిచాయి.

ఆ ఒప్పందాల్లోని షరతు తెలుసుకోదగ్గది. కొనుగోలుదారు హెన్రీ హబ్ అనే అమెరికా మార్కెట్ ధరకు 115 శాతం చెల్లిస్తూ, దానిపైన ద్రవీకరణకు ఒక స్థిర రుసుము ఇవ్వాలి. ఏదైనా నెలలో సరుకు వద్దనుకునే హక్కు అతనికి ఉంటుంది గాని, వద్దన్నా స్థిర రుసుము కట్టవలసిందే. బ్యాంకులు అప్పు ఇచ్చేది ఆ రుసుమును చూసే. వాయువు ధర పెరిగినా తగ్గినా ప్రతి ఏడాదీ వచ్చే ఆ సొమ్మే అప్పు తీర్చడానికి పూచీ. ఒప్పందం లేకుండా కేవలం ఆసక్తి తెలిపిన లేఖలు, అవగాహన పత్రాలు ఎన్ని ఉన్నా బ్యాంకు వాటిని లెక్కలోకి తీసుకోదు. నేను పనిచేసిన ప్రతిపాదిత టెర్మినల్ సరిగ్గా అక్కడే ఆగిపోయింది. ఫీడ్ పూర్తయింది, పైపుల మద్దతుల దాకా నమూనాలు గీశాము, అనుమతుల్లో చాలా భాగం చేతికి వచ్చాయి, స్థానికులతో సమావేశాలు జరిగాయి. కొనుగోలుదారులందరూ మాట్లాడారు గాని ఎవరూ సంతకం పెట్టలేదు. మా బృందాన్ని నెమ్మదిగా తక్కిన పనులకు పంచేశారు. ఆ తీరంలోని ఊళ్లలో ఉద్యోగాల కోసం ఎదురుచూసిన కుర్రాళ్లకు ఎవరూ వెళ్లి ఆగిపోయిందని చెప్పలేదు, అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

పైకి తెలిసిన ఉదాహరణ కావాలంటే అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో ప్రతిపాదించిన జోర్డాన్ కోవ్ ఉంది. ఎగుమతి టెర్మినల్‌తో పాటు దానికి వాయువు తెచ్చే పొడవైన గొట్టపుమార్గం కూడా అందులో భాగం. ఆ మార్గానికి ఎంతోమంది సొంత భూముల మీదుగా హక్కు కావాలి. తగినంతమంది కొనుగోలుదారులు కుదిరినట్టు ఆధారం లేనప్పుడు, భూయజమానులకు జరిగే నష్టాన్ని సమర్థించే అవసరం రుజువు కాలేదంటూ పైన చెప్పిన ఫెడరల్ కమిషనే 2016 మార్చిలో దరఖాస్తును తిరస్కరించింది. సంస్థ మళ్లీ దరఖాస్తు చేసుకుని 2020లో కమిషన్ అనుమతి సంపాదించినా, రాష్ట్ర ప్రభుత్వం ఇవ్వవలసిన అనుమతులు దొరకలేదు. చివరికి 2021 డిసెంబరులో ప్రాజెక్టును మానుకుంది. ఆ 2016 నిర్ణయాన్ని నేను ఎంతో విలువైనదిగా భావిస్తాను. ప్రాజెక్టు ఎవరికి అవసరం అన్న ప్రశ్నను, భూమి కోల్పోయేవాడి నష్టంతో పోల్చి తూచిన నిర్ణయం అది.

సంతకాలూ పెట్టుబడీ అయిన తరువాత కూడా పని సాఫీగా సాగుతుందని అనుకోరాదు. ఆస్ట్రేలియాలోని గోర్గాన్ ఎల్‌ఎన్‌జీ ప్రాజెక్టుకు నిర్ణయం తీసుకున్నప్పుడు 3,700 కోట్ల డాలర్లన్నారు, చివరికి 5,400 కోట్లయింది. మొజాంబిక్‌లో మన దేశపు ప్రభుత్వరంగ సంస్థలకు వాటా ఉన్న ప్రాజెక్టుకు 2019లో పెట్టుబడి నిర్ణయం జరిగింది, 2021లో పాల్మా పట్టణం మీద సాయుధుల దాడి తరువాత పని నిలిపివేశారు.

రాస్ లఫాన్ ఎందుకు నిలిచిందంటే, దాని వెనుక అపారమైన వాయు నిక్షేపంతో పాటు జపాన్, కొరియా, మన దేశం వంటి కొనుగోలుదారుల దీర్ఘకాలిక ఒప్పందాలు ఉన్నాయి. ఎల్‌ఎన్‌జీ దిగుమతి చేసుకునే మన పెట్రోనెట్ సంస్థ 1999లో అక్కడి సంస్థతో ఏడాదికి 75 లక్షల టన్నులకు పాతికేళ్ల ఒప్పందం చేసుకుంది. తొలి ఓడ 2004లో గుజరాత్‌లోని దహేజ్ చేరింది. ఆ ఒప్పందాన్ని 2024 ఫిబ్రవరిలో మరో ఇరవయ్యేళ్లకు, అంటే 2028 నుంచి 2048 వరకు పొడిగించారు. అక్కడ కొత్త గొట్టపుమార్గాన్ని మొదటిసారి చల్లబరిచే పనిలో నేను పాలుపంచుకున్నాను. నత్రజనితో తేమను పూర్తిగా తరిమేసిన తరువాత, గంటకు కొన్ని డిగ్రీల చొప్పున ఓపికగా దించుతారు. స్టెయిన్‌లెస్ ఉక్కు గొట్టం ఆ చలికి మీటరుకు దాదాపు మూడు మిల్లీమీటర్లు కుంచించుకుపోతుంది. కిలోమీటరు పొడవైన జెట్టీ మార్గంలో అది మూడు మీటర్లన్నమాట. అందుకోసం పెట్టిన వంపులు సరిగా కదులుతున్నాయో లేదో, ఏ మద్దతు దగ్గరైనా గొట్టం పట్టుకుపోయిందేమోనని రాత్రింబవళ్లు నడిచి చూసేవాళ్లం. మీ తమ్ముడు వేసే ఒక్కొక్క అతుకు ఆ పరీక్షకు నిలవాలి. అందుకే ఈ రంగంలో క్రయోజెనిక్, అంటే అతిశీతల ద్రవాలు మోసే పైపింగ్ అనుభవం ఉన్న వెల్డరుకు ఎప్పుడూ గిరాకీ ఉంటుంది, అతడు ఇప్పుడున్న చోట ఆ అనుభవం సంపాదించుకోవడమే మంచిది.

ఇక గోపాల్‌పూర్. మన దేశం వాడుకునే సహజవాయువులో దాదాపు సగం దిగుమతి చేసుకుంటుంది, కాబట్టి ఇక్కడ ఎగుమతి టెర్మినల్ అన్న మాటే లేదు. పెట్రోనెట్ సంస్థ గోపాల్‌పూర్ రేవులో ప్రతిపాదించినది దిగుమతి టెర్మినల్. మొదట తేలియాడే ఓడ మీద పెట్టాలనుకుని, తరువాత నేల మీద ఏడాదికి 50 లక్షల టన్నుల సామర్థ్యంతో కట్టాలని మార్చారు. మన ఒడిశాలోనే ధామ్రాలో అంతే సామర్థ్యం గల టెర్మినల్ 2023లో పని మొదలుపెట్టింది. నిర్మాణం జరుగుతున్నంత కాలం వేలమందికి పని ఉండవచ్చు గాని, నడిపేటప్పుడు వందల్లోనే మనుషులు కావాలి. 1990లలో ఈ గోపాల్‌పూర్ పక్కనే ఒక పెద్ద ఉక్కు కర్మాగారం పేరిట ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించిన సంగతి, అనుకున్న కర్మాగారం రాక ఆ నేల ఏళ్ల తరబడి ఎదురుచూసిన సంగతి మన పెద్దలకు ఎవరూ గుర్తుచేయనక్కరలేదు. కాబట్టి మన వాళ్లు ప్రకటనల మీద గాక, సంతకమైన కాగితాల మీద కన్నేసి ఉంచాలని నేను గట్టిగా కోరుతున్నాను.

ఆ కాగితాల్లో ఏమి వెతకాలో కూడా చెబుతాను. గోపాల్‌పూర్, ఆర్జిపల్లి తీరంలో చేపలు పట్టే మన తెలుగు కుటుంబాలకు మొదటి ప్రశ్న, ఓడ వచ్చి పోయేటప్పుడు చుట్టూ ఎంత దూరం వరకు పడవలను రానివ్వరన్నది. రుషికుల్య ముఖద్వారం దగ్గర తాబేళ్ల కోసం నవంబరు 1 నుంచి మే 31 వరకు ఇప్పటికే వేటకు నిషేధం ఉంది. దానికి తోడు కొత్త నిషేధ ప్రాంతం వస్తే మిగిలే నీరెంత, ఆ నష్టానికి పరిహారం ఎవరిస్తారు అన్నది రాతపూర్వకంగా తేలాలి. రెండవది, జెట్టీ లోతు కోసం తవ్విన ఇసుకను ఎక్కడ పోస్తారన్నది, రాత్రి దీపాలు తీరం వైపు పడకుండా ఏమి చేస్తారన్నది. తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుకతీరం అక్కడికి ఎంతో దూరం లేదు. మూడవది తుపాను. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. అలాంటి గాలిలో ట్యాంకులు, జెట్టీ దేనికి తట్టుకునేలా రూపొందించారో, ఎన్ని గంటల ముందు ఓడను సముద్రంలోకి పంపేస్తారో అడగాలి. ఈ ద్రవం ఒలికితే నీటి మీద వేగంగా ఆవిరై మంటకు అందే మబ్బుగా మారుతుంది. 1944లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో తక్కువ నికెల్ ఉన్న ఉక్కు ట్యాంకు పగిలి వందమందికి పైగా మరణించిన తరువాతే ఇప్పటి 9 శాతం నికెల్ ఉక్కు, చుట్టూ రక్షణ గోడలు ప్రమాణంగా వచ్చాయి. ప్రమాద విశ్లేషణలో ఊరికీ ట్యాంకుకూ మధ్య దూరాన్ని ఎలా లెక్కగట్టారో చదివి తెలుసుకోవడం మన హక్కు.

ప్రజాభిప్రాయ సేకరణ వర్తించే ప్రాజెక్టయితే, 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు ప్రకటన రావాలి, ముసాయిదా నివేదికను కలెక్టర్ కార్యాలయం వంటి చోట్ల అందుబాటులో ఉంచాలి. సారాంశం ఇంగ్లీషులోనూ స్థానిక భాషలోనూ ఉంటుంది. గంజాం జిల్లాలో స్థానిక భాష అంటే ఒడియా కాబట్టి, ఒడియా చదవగలిగిన మన పిల్లలెవరినైనా కూర్చోబెట్టి ముందే ఊళ్లో తెలుగులో చెప్పించుకోండి. సభలో మీరు తెలుగులో మాట్లాడినా, మీ మాట కార్యక్రమ నివేదికలో ఎక్కిందా లేదా అన్నది ముఖ్యం. సభ చివరలో ఆ నివేదికను చదివి వినిపించాలన్నది నిబంధన. అది చదివేంత వరకు ఎవరూ లేచి వెళ్లకుండా చూసుకోండి, మీరు అడిగినది అందులో లేకపోతే అక్కడే నిలబడి రాయించండి.