పరాయి నగరంలో ఉండి పని చేయాలంటే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. హైదరాబాద్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, హనుమకొండలో ఇంటి నుంచే పని. ఒక ఏడాది కౌలాలంపూర్‌లో ఉండి ఇదే పని చేయాలనుంది. "మలేషియాకు మనకు వీసా అక్కర్లేదు, లాప్‌టాప్ పట్టుకుని వెళ్లిపో" అంటున్నారు తెలిసినవాళ్లు. వెళ్లొచ్చా? అమెరికా క్లయింటు కాబట్టి షిఫ్టు సాయంత్రం ఆరున్నర నుంచి రాత్రి రెండున్నర దాకా.
- ఒక పాఠకురాలు, సుబేదారి

జవాబు: అలా వెళ్లకండి. ఆ సడలింపు ఊరు చూసి రావడానికే. అక్కడే ఉండి పని చేయడానికి మలేషియా 2022లో డీఈ రాంటౌ పాస్ తెచ్చింది. 3 నుంచి 12 నెలలకు ఇస్తారు, తర్వాత పొడిగించుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ వాళ్లయితే ఏడాదికి 24,000 డాలర్ల పైన ఆదాయం చూపాలి. మన లెక్కలో అది 20 లక్షల పైమాటే. అంత జీతం లేకపోతే ఈ దారి మూసుకున్నట్టే, ఏజెంటు ఏం చెప్పినా నమ్మొద్దు.

అప్పుడు థాయ్‌లాండ్ 2024 జులైలో మొదలుపెట్టిన డీటీవీ (డెస్టినేషన్ థాయ్‌లాండ్ వీసా) చూడండి. ఐదేళ్లు చెల్లుతుంది, వెళ్లిన ప్రతిసారీ 180 రోజులు ఉండొచ్చు. అక్కడ ముఖ్యంగా అడిగేది బ్యాంకులో 5 లక్షల బాట్‌ల నిల్వ, బయటి దేశపు కంపెనీలో ఉద్యోగం ఉన్నట్టు రుజువు. చాలామంది దెబ్బతినేది నిల్వ దగ్గరే. దరఖాస్తుకు వారం ముందు నాన్న ఖాతాలోంచి డబ్బు వేయించుకుంటారు. మూడు నెలల స్టేట్‌మెంట్ అడిగినప్పుడు ఆ ఒక్క పెద్ద జమ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వెళ్లాలనుకున్న రోజే లెక్క మొదలుపెట్టి డబ్బు ముందే ఖాతాలో ఉంచండి.

వీసా కన్నా ముందు కదలాల్సింది కంపెనీ. మేనేజరు నోటిమాట చాలదు. ఏ దేశం, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, కంపెనీ లాప్‌టాప్ తీసుకెళ్లొచ్చా లేదా అన్న మూడు సంగతులూ హెచ్‌ఆర్ నుంచి రాతపూర్వకంగా రావాలి. బ్యాంకులు, ఆసుపత్రుల డేటా మీద పని చేసే ప్రాజెక్టుల్లో, దేశం బయటి నుంచి లాగిన్ కాకూడదని క్లయింటు ఒప్పందంలోనే రాసి ఉండొచ్చు. వీపీఎన్ పెట్టి హనుమకొండలోనే ఉన్నట్టు చూపించాలనుకుంటే, అది ఒక్క నిమిషం తెగినా మలేషియా అడ్రసు బయటపడుతుంది. ఉద్యోగానికే ఎసరు.

ఇక మీ షిఫ్టు. కౌలాలంపూర్ మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. మీ ఆరున్నర అక్కడ రాత్రి 9 గంటలు, మీ రెండున్నర తెల్లవారుజామున 5. కో-వర్కింగ్ సెంటర్‌లో (డెస్కులు అద్దెకిచ్చే ఆఫీసులో) సీటు తీసుకుంటే రోజూ ఐదింటికి ఒంటరిగా తిరిగి రావాలి. కాబట్టి ఆ డబ్బును అద్దెలో కలిపి, పని చేసుకోవడానికి వీలున్న గది తీసుకోవడమే మేలని మా అభిప్రాయం. పడమటికి వెళ్తే లెక్క తిరగబడుతుంది. ఎండాకాలంలో పోర్చుగల్ రాజధాని లిస్బన్ మనకన్నా నాలుగున్నర గంటలు వెనక, అంటే అదే షిఫ్టు అక్కడ మధ్యాహ్నం 2కు మొదలై రాత్రి 10కి అయిపోతుంది. దేశం ఎంచుకునేటప్పుడు అందరూ ఖర్చే చూస్తారు. రాత్రి పని చేసే ఆడపిల్ల ముందు గడియారం చూడాలి.

ప్రశ్న: మా బిడ్డ ఒక్కతే కౌలాలంపూర్ పోతనంటున్నది. ఫోన్ల ఫొటోలు చూసి రూం మాట్లాడుకున్నది. ఓనరు మూడు నెలల పైసలు ముందే పంపుమంటున్నడు. పంపాల్నా? అక్కడ ఆడపిల్లకు భయం లేదా?
- ఒక తల్లి, జమ్మికుంట

జవాబు: అమ్మా, ఇక్కడి నుంచి రూపాయి కూడా పంపకండి. అడిగిన మొత్తం పెద్దదని కాదు. రెండు నెలల అద్దె డిపాజిట్, కరెంటు-నీళ్లకు అర నెల, మొదటి నెల అద్దె, కలిపి మూడున్నర నెలల డబ్బు కట్టించుకోవడం అక్కడ మామూలే. కానీ అది గది చూసి, అగ్రిమెంటు మీద సంతకం పెట్టిన రోజు కట్టాల్సిన డబ్బు. వేరే ఇంటి ఫొటోలు పెట్టి అడ్వాన్సు కాజేసేవాళ్లు ఎక్కువగా పట్టుకునేది ఇంకా ఊరు దాటని వాళ్లనే.

బిడ్డను మొదటి వారం పది రోజులు హోటల్లోనో సర్వీస్ అపార్ట్‌మెంట్‌లోనో ఉండమనండి. ఆ రోజుల్లో ఒకే గదిని రెండుసార్లు చూడాలి: ఒకసారి పగలు, ఒకసారి తన షిఫ్టు వేళకు. రైలు స్టేషన్ నుంచి గేటు దాకా రాత్రి తొమ్మిదింటికి నడిచి చూస్తే వీధిలైట్లు, తెరిచి ఉన్న దుకాణాలు, కాపలా మనిషి ఉన్నాడా లేడా అన్నీ తెలిసిపోతాయి. కార్డు లేనిదే లిఫ్టు కదలని అపార్ట్‌మెంట్లు అక్కడ చాలా ఉన్నాయి, అలాంటిది దొరికితే వదలొద్దు. గదికి లోపల గడియ ఉందా, పాత కిరాయిదారు దగ్గర తాళంచెవి మిగిలిందా అని అడగాలి, తాళం మార్చమనాలి. తలుపు కింద దోపే రబ్బరు ముక్క వంద రెండు వందల్లో దొరుకుతుంది, వరంగల్‌లోనే కొని సంచిలో వేయండి. గదిలోంచే ఇంటర్నెట్ వేగం కొలవాలి, డౌన్‌లోడ్ ఒక్కటే కాదు, అప్‌లోడ్ కూడా. మీటింగులో మాట తెగేది అప్‌లోడ్ తక్కువైనప్పుడే.

దిగిన రోజే గోడల మీద మరకలు, ఏసీ, కరెంటు మీటరు అంకెలు వీడియో తీసి ఓనరుకు వాట్సాప్‌లో పంపాలి. ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్ తిరిగి రావడానికి అదే సాక్ష్యం. అగ్రిమెంటుకు స్టాంపు డ్యూటీ కట్టించాలి, స్టాంపు లేని కాగితం అక్కడి కోర్టులో నిలవదు. బ్యాంకాక్ వెళ్లే వాళ్లకు ఇంకో మాట: విదేశీయులు దిగిన 24 గంటల్లో ఇంటి యజమాని టీఎం-30 అనే సమాచారం ఇమిగ్రేషన్‌కు ఇవ్వాలి. ఇవ్వనన్న యజమాని ఇల్లు ఎంత చవకైనా వద్దు, వీసా పొడిగింపు దగ్గర ఆ రసీదే అడుగుతారు.

భయం సంగతి అడిగారు. కౌలాలంపూర్ కేటీఎం కొమ్యూటర్ రైళ్లలో 2010 నుంచి ఆడవాళ్లకు వేరే బోగీలున్నాయి. ఆపదలో 999కి ఫోన్ చేయాలి. థాయ్‌లాండ్‌లో పోలీసులకు 191, టూరిస్ట్ పోలీసులకు 1155, పోర్చుగల్‌లో 112. ఫోన్ పోతే ఈ నంబర్లూ పోతాయి కదా. అందుకే ఒక కాగితం మీద వీటిని, భారత రాయబార కార్యాలయం నంబరును, మీ నంబరును రాసి పాస్‌పోర్టు కవర్లో పెట్టించండి.

ప్రశ్న: విదేశంలో లోకల్ సిమ్ తీసుకుంటే మన బ్యాంకు ఓటీపీలు ఎలా? సిమ్ ఇంట్లో తమ్ముడికి ఇచ్చి వెళ్దామనుకుంటున్నా.
- ఒక పాఠకురాలు, కాజీపేట

జవాబు: ఇవ్వకండి. సిమ్ అదే ఫోన్‌లో ఉందో లేదో చూసుకుని గానీ తెరుచుకోని బ్యాంకు యాప్‌లు ఉన్నాయి. పైగా ఓటీపీ వచ్చిన వేళకు తమ్ముడు నిద్రలో ఉంటే మీ అద్దె ఆగిపోతుంది. రెండు సిమ్‌ల ఫోన్ వాడండి, పాతది ఒకటి, అక్కడిది ఒకటి. బయలుదేరక ముందే ఇంటర్నేషనల్ రోమింగ్ చేయించుకోండి, అక్కడికి వెళ్లాక చేద్దామంటే దానికీ ఓటీపీయే అడుగుతారు. మన సిమ్‌కు డేటా రోమింగ్ మాత్రం ఆపేయండి, లేకపోతే బిల్లు చూసి గుండె ఆగుతుంది. రీచార్జి గడువు తప్పకుండా ఇంట్లో ఒకరిని చూడమనండి. 90 రోజులు వాడకం లేని ప్రీపెయిడ్ నంబరు పోయే ప్రమాదం ఉంది.

కార్డులు రెండు వేర్వేరు బ్యాంకులవి పెట్టుకుని, ఒకటి హ్యాండ్‌బ్యాగ్‌లో, రెండోది సూట్‌కేసులో ఉంచండి. కొత్త కార్డులకు విదేశీ వాడకం మామూలుగా ఆపేసి ఉంటుంది, యాప్‌లో మీరే తెరవాలి.

ప్రశ్న: ఆర్నెల్లకు మించి బయట ఉంటే ఇక్కడ ఆదాయపు పన్ను ఉండదా?
- ఒక పాఠకురాలు, మంచిర్యాల

జవాబు: అంత తేలిక కాదు. మన లెక్క ఏప్రిల్ నుంచి మార్చి దాకా. అక్టోబరు 1న విమానం ఎక్కారనుకోండి, అప్పటికే 183 రోజులు ఇక్కడ గడిచిపోయాయి, 182 నిండితే చాలు, ఆ ఏడాది మీరు పన్ను లెక్కలో ఇక్కడి నివాసి, అంటే రెసిడెంటే. అంతకన్నా ముందే వెళ్లినా, గత నాలుగేళ్లలో 365 రోజులు ఇక్కడున్న వాళ్లు ఆ ఏడాది 60 రోజులున్నా రెసిడెంటే అనే నిబంధన ఒకటుంది. విదేశంలో ఉద్యోగం కోసం వెళ్లే వాళ్లకు అందులో మినహాయింపు ఉంది. హైదరాబాద్ ఉద్యోగాన్నే అక్కడ కూర్చుని చేస్తే అది వర్తిస్తుందా అన్నది చార్టర్డ్ అకౌంటెంటుతో తేల్చుకోవాల్సిన ప్రశ్న. థాయ్‌లాండ్ లెక్క జనవరి నుంచి డిసెంబరు దాకా. 180 రోజులు నిండితే అక్కడా రెసిడెంటు అవుతారు. రెండు దేశాల్లోనూ ఒకేసారి రెసిడెంటు కావడం జరిగే పనే, పాస్‌పోర్టు ముద్రల ఫొటోలు తేదీలతో సహా దాచుకోండి.

ప్రశ్న: బిడ్డ పోర్చుగల్ పోతున్నది, విమానం దుబాయ్‌ల మారుతది. సకినాలు, మటన్ పచ్చడి, నెయ్యి, మసాలా కట్టియ్యొచ్చా?
- ఒక తల్లి, జగిత్యాల

జవాబు: సకినాలు నిశ్చింతగా కట్టండి, గట్టి డబ్బాలో, మధ్యలో కాగితాలు పెట్టి. మటన్ పచ్చడి, నెయ్యి మాత్రం వద్దమ్మా. మాంసం, పాల వస్తువులు మన దేశం నుంచి వెంట తేవడాన్ని యూరోపియన్ యూనియన్ ఒప్పుకోదు, లిస్బన్‌లో చూస్తే తీసి పారేస్తారు. మామిడికాయ తొక్కు అయితే పెద్ద సూట్‌కేసులో వేయండి. చేతిసంచిలో పెడితే ద్రవం కింద లెక్కేసి 100 మి.లీ. దాటనివ్వరు. మూత మీద ప్లాస్టిక్ కాగితం బిగించి, రెండు కవర్లలో చుట్టండి. ఎండుకొబ్బరి కుడుకలు పెట్టొద్దు, అంటుకునే సరుకని విమానంలోకి రానివ్వరు.

అన్నిటికన్నా ముఖ్యంగా మసాలా చూడండి. దుబాయ్‌లో గసగసాలు నిషేధం. దంచిన పొడిలో కలిసి ఉన్నా గసగసాలే. విమానం మారే దారే కదా అనుకోకుండా, బిడ్డ కోసం ధనియాలు, లవంగాలు, చెక్కతో వేరే పొడి దంచి, డబ్బా మీద అందులో ఏమేముందో ఇంగ్లీషులో రాయించి పంపండి.