రోజూ ప్రార్థన చేస్తున్నా తీరు మారడం లేదా? బియ్యం డబ్బాతో మొదలుపెట్టండి

"రోజూ బైబిలు చదువుతాను, ఆదివారం ఆరాధన మానను. అయినా ఇంట్లో నా తీరు మారలేదు. క్రైస్తవులు రోజువారీ బతుకులో మంచితనం ఎలా అలవరచుకోవాలి?" అని అడిగారు. ఇంకో అరగంట ప్రార్థన పెంచమనేవాళ్ళు చాలామంది ఉంటారు. నేనైతే పెంచమనను. మీకు తక్కువైంది ప్రార్థన కాదు, చేతికి పని. పౌలు రాసిన గలతీ పత్రిక 5:22లో పరిశుద్ధాత్మ ఫలాల వరసలో మంచితనం ఉంది కాబట్టి అదంతట అదే కాస్తుందని కూర్చునేవాళ్ళే ఎక్కువ. ఆ వెంటనే 6:9లో మేలు చేయడంలో విసుగు పడొద్దన్నాడు పౌలు. విసుగొచ్చేంత పని ఉంటుందనే కదా అర్థం.

అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం ఒకసారి నెమ్మదిగా చదవండి. యొప్పే అనే ఊళ్ళో తబిత అనే శిష్యురాలు చనిపోయింది. దొర్కా అన్నా ఆమే. కడిగి మేడగదిలో పడుకోబెట్టారు. దగ్గర్లోని లుద్ద ఊళ్ళో అపొస్తలుడు పేతురు ఉన్నాడని తెలిసి ఇద్దరు మనుషుల్ని పంపారు. ఆయన పైకెక్కేసరికి విధవరాళ్ళు ఏడుస్తూ, ఆమె కుట్టిన అంగీలూ బట్టలూ ఆయనకి చూపిస్తున్నారు. ఎంత గొప్పగా ప్రార్థించేదో ఒక్కరూ చెప్పినట్టు లేదు. ఆమె నోటి నుంచి ఒక్క మాట కూడా ఆ అధ్యాయంలో లేదు, పేతురు ఆమెని బతికించి లేపాక కూడా. చూపించడానికి ఉన్నవన్నీ బట్టలే. మనమో, డిసెంబరు రాగానే గుండీలు ఊడిన చొక్కాలు మూటగట్టి అనాథాశ్రమంలో పడేసి వస్తాం.

కుట్టు రాకపోతే బియ్యం పట్టుకోండి. మిజోరంలో ప్రెస్బిటేరియన్ చర్చి స్త్రీలు 1910లో మొదలుపెట్టిన పిడికెడు బియ్యం పద్ధతి అక్కడి ఇళ్ళలో ఇప్పటికీ నడుస్తోంది. మన స్త్రీల సమాజాలకీ ఇది కొత్తేం కాదు, కాకపోతే చేసే తీరులోనే తేడా వస్తుంది. వండడానికి కొలిచి పోసుకున్న బియ్యంలోంచే, కడగకముందు, పొడి చేత్తో పిడికెడు తీసి విడి డబ్బాలో వేయాలి. సంచిలోంచి అదనంగా తీస్తే దానమైతే అవుతుంది గానీ మీ కంచంలో ఏమీ తగ్గదు. ఆ తగ్గడమే ఇందులో అసలు సంగతి. పిడికిలికి సుమారు 40 గ్రాములు వేసుకున్నా, రెండు పూటలా వండే ఇంట్లో నెలకి రెండు కిలోల పైనే పోగవుతాయి. తడి చెయ్యి తగిలితే ఉండకట్టి ముక్కిపోతాయి. ఎక్కువ కాలం కదపకుండా ఉంచితే పురుగు పడుతుంది, కాబట్టి నాలుగు ఎండుమిరపకాయలు వేసి ఏ నెలవి ఆ నెలే లేనివాళ్ళకి ఇచ్చేయండి. చర్చిలో అందరి డబ్బాలూ ఒకే గోతంలో గుమ్మరించడం మాత్రం ఘోరం. పాత సోనామసూరి, కొత్త బియ్యం, రేషన్ బియ్యం కలిశాయంటే ఒకే ఎసట్లో కొన్ని చిమిడిపోతాయి, కొన్ని పలుకుగానే ఉండిపోతాయి. తీసుకున్నవాళ్ళు ఏమీ అనలేక అదే తింటారు. ఏ ఇంటివి ఆ ఇంటి సంచిలోనే, పేరు రాయకుండా ఇవ్వండి.

పేరంటే గుర్తొచ్చింది. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియొద్దని (మత్తయి 6:3) పాస్టరుగారు చెప్తుంటే పైన ఫ్యాను రెక్క మీద దాత పేరు తిరుగుతూ ఉంటుంది! సంచి అందుకుంటున్న ముసలమ్మ ఫోటో మధ్యాహ్నానికల్లా వాట్సాప్ స్టేటస్‌లో ఉంటుంది. ఫోటో తీయాలనిపిస్తే ఫోను ఇంట్లో పెట్టి వెళ్ళండి.

బియ్యం కంటే డబ్బు దగ్గరే మనిషి బయటపడతాడు. కూలివాడి కూలి మరునాటిదాకా నీ దగ్గర ఉంచుకోవద్దు అంటుంది లేవీయకాండము 19:13. పొద్దు గుంకకముందే ఇవ్వమంటుంది ద్వితీయోపదేశకాండము 24:15. మొదటి ఆదివారం దశమభాగం (సంపాదనలో పదోవంతు కానుక) కవరు తప్పనివాళ్ళ ఇళ్ళలోనే పనిమనిషి జీతం ఎనిమిదో తారీఖుకి జరుగుతుంది. మీ జీతం పడిన రోజే ముందు ఆమెది తీసి పక్కన పెట్టండి, దశమభాగం ఆ తర్వాత. చిల్లర కూడా ముందే మార్చి ఉంచుకోవాలి. "చిల్లర లేదు, రేపిస్తాలేమ్మా" అన్న దగ్గరే పని చెడుతుంది. అడ్వాన్సు ఇచ్చినప్పుడు నెలకి ఎంత కోసుకుంటారో ఆ రోజే మాట్లాడుకోండి. ఒక్క నెలలో అంతా కోసేస్తే ఆమె వడ్డీకి అప్పు తెచ్చుకోవాల్సిందే. క్రిస్మస్‌కి చీర పెట్టాం కదా అని జీతం పెంచడం ఎగ్గొట్టకండి. పొలం ఓరలు కోయొద్దు, పరిగె ఏరొద్దు, పేదలకి వదిలేయండి (లేవీ 19:9-10) అన్న ఆజ్ఞ పొలం లేనివాళ్ళకి వర్తించదనుకోకండి. తోపుడు బండి దగ్గర ఆ చివరి పది రూపాయల బేరం వదిలేయడం కూడా ఆ లెక్కలోదే.

ఇక మీరడిగిన ఇంటి సంగతి. కోపం రాకుండా ఉండదు. వచ్చాక ఏం చేస్తారన్నదే లెక్క. ఎవరికైనా నీ మీద బాధ ఉందని గుర్తొస్తే అర్పణ బలిపీఠం ముందే వదిలిపెట్టి, వెళ్ళి ముందు సమాధానపడమంటుంది మత్తయి 5:23-24. ఆదివారం పొద్దున హడావుడిలో అది కుదరదు, శనివారం రాత్రి భోజనాలయ్యాక కూర్చోండి. ఏం తప్పు చేశారో అదే చెప్పండి: "మొన్న పిల్లల ముందు మీవాళ్ళని తీసిపారేసినట్టు మాట్లాడాను, అది తప్పు." అక్కడితో ఆపేయాలి. "కానీ నువ్వు మాత్రం" అని నోరు జారితే కొత్త గొడవ మొదలు. "నేనేమైనా అని ఉంటే క్షమించు" కూడా పనికిరాదు, ఏమన్నారో మీకు తెలుసు కదా. అవతలివాళ్ళు వెంటనే కరగకపోవచ్చు, వాళ్ళ టైము వాళ్ళకివ్వండి. అప్పటికప్పుడు చెయ్యి పట్టుకుని "రా, ప్రార్థన చేసుకుందాం" అని మాత్రం కూర్చోబెట్టకండి. దేవుణ్ణి అడ్డం పెట్టుకుని క్షమాపణ లాక్కున్నట్టు ఉంటుంది.