పత్రిక పెడుతున్నారని తెలిసి...

అమ్మలూ,

పారిస్‌లో నీ థాయ్ స్నేహితులు తమ దేశంలో జరుగుతున్న అరెస్టుల గురించి రాయడానికి పెడుతున్న పత్రికలో నువ్వూ చేయి వేస్తున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఎంత సంతోషమేసిందో! 1977లో లండన్‌లో చదువుకునేటప్పుడు నేనూ ఇదే పని చేశాను. అందుకే ఈ ఉత్తరం.

1976 అక్టోబరు 6న బ్యాంకాక్‌లో థమ్మసాత్ యూనివర్సిటీ విద్యార్థులను ఊచకోత కోశారు. ఆ సాయంత్రమే సైన్యం గద్దెనెక్కింది. ఆ యూనివర్సిటీ అధిపతి (రెక్టర్) పుయ్ ఉంగ్‌ఫకోన్ అదే రోజు దేశం వదిలి వచ్చేశారు. లండన్‌లో ఉండి జరిగిందంతా పూసగుచ్చినట్టు రాశారు. మరుసటి ఏడాదే పక్షవాతం వచ్చి ఆయన మాట పడిపోయింది. రాసిపెట్టింది మాత్రం నిలిచింది. మీరూ తిట్లు తగ్గించి వివరం పెంచండి. ఎవరిని ఎప్పుడు పట్టుకెళ్లారు, ఏ సెక్షన్ పెట్టారు, బెయిల్ ఎన్నిసార్లు కొట్టేశారు, ఇవి రాయండి. కోర్టు కాగితాల్లో బౌద్ధ శకం ఉంటుంది, 543 తీసేస్తేనే మన సంవత్సరం. 2519 అంటే 1976. తేదీ ఒక్కటి తప్పినా పత్రిక మొత్తాన్ని అబద్ధమంటారు.

మా పత్రిక ఒక స్నేహితుడి గదిలో సైక్లోస్టైల్ మీద, అంటే స్టెన్సిల్ కాగితం గుండా సిరా దింపి కాపీలు తీసే యంత్రం మీద తయారయ్యేది. థాయ్ టైప్‌రైటర్ దొరక్క అతను స్టెన్సిల్ మీద ఇనుప కలంతో చేత్తో రాసేవాడు. మన అక్షరాల్లాగే వాళ్ల అక్షరాలకూ చిన్న చిన్న సున్నాలుంటాయి. కాస్త గట్టిగా నొక్కితే సున్నా మధ్యలో కాగితం ఊడిపోయి సిరా మచ్చ పడేది. ఒక పేజీకి ఒక రాత్రి పట్టేది. అంత ఓపికగా చేసిన మేమే ఒక పెద్ద తప్పు చేశాం. ఈశాన్య థాయిలాండ్ నుంచి ఒక మాస్టారు రాసిన ఉత్తరం వేస్తూ పేరు తీసేశాం గానీ, ఊరి గుడి తిరునాళ్ల సంగతి, బడిలో తనొక్కడే టీచరన్న సంగతి అలాగే ఉంచేశాం. ఆ జిల్లా తెలిసిన ఎవరికైనా ఆయనెవరో ఇట్టే తెలిసిపోతుంది. ఆయన నుంచి మళ్లీ ఉత్తరం రాలేదు. ఇన్నేళ్లయినా ఆ తిరునాళ్ల వాక్యం నన్ను వదల్లేదు.

తల్లీ, దేశం బయట కూర్చుని రాసే మాటకు శిక్ష పడేది దేశం లోపలున్నవాళ్లకు. సోమ్‌యోత్ సంగతి చూడు. ఆయన 'వాయిస్ ఆఫ్ తక్సిన్' పత్రిక సంపాదకుడు. ఎవరో మారుపేరుతో రాసిన రెండు వ్యాసాలు వేసినందుకు 2011లో పట్టుకున్నారు. రాజును అవమానించాడంటూ థాయ్ శిక్షాస్మృతి 112వ సెక్షన్ కింద 2013లో పదేళ్లు వేశారు. ఏడేళ్లు జైల్లో గడిపి 2018లో బయటికొచ్చాడు. ఆ సెక్షన్‌లో ఒక్కో నేరానికి 3 నుంచి 15 ఏళ్లు. కాబట్టి లోపలున్న ఒక్కరి పేరూ సంపాదకవర్గంలో వేయొద్దు, థ్యాంక్స్ చెప్పడానికి కూడా.

'షేర్ చేయండి' అని అసలు రాయకండి. 2014లో మళ్లీ సైన్యం వచ్చాక, కొత్త రాజు మీద బీబీసీ థాయ్ రాసిన కథనాన్ని వేలమంది ఫేస్‌బుక్‌లో షేర్ చేశారు. జైలుకెళ్లింది ఒక్క విద్యార్థి నాయకుడు జతుపత్. రెండున్నరేళ్లు వేశారు. చదివి చెరిపేసే వీలుండేలా పంపండి.

మీరూ జాగ్రత్త. 2018 డిసెంబరులో లావోస్‌లో తలదాచుకున్న థాయ్ ఉద్యమకారుడు సురచాయ్ మాయమయ్యాడు. ఆయన తోటివాళ్లిద్దరి శవాలు పొట్టలో కాంక్రీటు కుక్కి మెకాంగ్ నదిలో తేలాయి. 2020 జూన్‌లో ఇంకో థాయ్ ఉద్యమకారుడు వాంచలర్మ్‌ను కంబోడియా రాజధాని నాంపెన్‌లో ఇంటి ముందే ఎత్తుకెళ్లారు, అక్కతో ఫోన్ మాట్లాడుతుండగానే. పారిస్ లావోస్ కాదు, నిజమే. అయినా బాల్కనీ ఫోటోలు పెట్టకండి, ఎక్కడ కలుస్తున్నారో ముందే చెప్పకండి.

డబ్బు లెక్క నెలనెలా అందరి ముందు పెట్టండి.

ఒక్క పని నువ్వు అడిగి మరీ తీసుకో. సంచిక బయటికెళ్లే ముందు, రాయని మనిషి ఒకరు పోలీసు కళ్లతో చదవాలి. ఈ వాక్యం పట్టుకుని ఎవరింటి తలుపు తట్టొచ్చు అని చూడాలి. నీకు థాయ్ రాకపోయినా పరవాలేదు, ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకుని వాక్యం వాక్యం చెప్పించుకో. గుడి, తిరునాళ్లు, బడి కనబడితే కొట్టేయ్.

ఉంటాను,
పెదనాన్న