మలుపులో ఒరిగే పాత పికప్‌కు స్వే బార్లు

ప్రశ్న: మేము హ్యూస్టన్ దగ్గర ఉంటాము. రెండేళ్ల క్రితం 1969 నాటి షెవ్రోలే సి-10 పికప్ ఒకటి కొన్నాను. పొట్టి తొట్టి రకం, ముందూ వెనకా కాయిల్ స్ప్రింగులే. ఫ్రీవే నుంచి దిగే వంపు దారిలో గంటకు 40 మైళ్లు దాటితే బండి ఎంతగా ఒరుగుతుందంటే, మా ఆవిడ తలుపు పిడి వదలదు. ముందుకు ఒకటింపావు అంగుళం, వెనక్కి ఒక అంగుళం లావున్న స్వే బార్ల (ఒరుగుడును తగ్గించే కడ్డీల) సెట్టు తెప్పించాను. రెండూ ఒకేసారి బిగించమంటారా? ఛాసిస్‌కు రంధ్రాలు వేయాల్సి ఉంటుందంటే జంకుగా ఉంది. ఇంటి గ్యారేజీలో నేనే చేసుకోగలనా?

జవాబు: చేసుకోగలరు. కాని రెండూ ఒకేసారి వద్దు. ముందరిది బిగించి, వారం పది రోజులు తిప్పి చూశాకే వెనకదాని పెట్టె విప్పండి.

ఎందుకో తెలియాలంటే ఆ కడ్డీ చేసే పనేమిటో చూడాలి. ఇద్దరు మనుషులు తడి దుప్పటిని చెరో కొసా పట్టుకుని పిండుతున్నప్పుడు, రెండు కొసలూ ఒకే దిక్కుకు తిరిగితే మెలిక పడదు; ఒకటి ఇటూ ఒకటి అటూ తిరిగితేనే పడుతుంది. స్వే బార్ కూడా అంతే. రెండు చక్రాలూ కలిసి గతుకెక్కితే అది ఊరికే తిరుగుతుంది. మలుపులో ఒక పక్క కుంగి మరో పక్క లేచినప్పుడే మెలితిరిగి, ఆ ఒరుగుడును అడ్డుకుంటుంది. కడ్డీ లావు కొద్దిగా పెరిగినా బిగువు బాగా పెరుగుతుంది, ఎందుకంటే బిగువు వ్యాసపు నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది: కడ్డీ కొసల్లో వంగి ఉండే చేతుల పొడవు మారకుండా ఒక అంగుళం కడ్డీ స్థానంలో ఒకటింపావు అంగుళం కడ్డీ పెడితే బిగువు దాదాపు రెండున్నర రెట్లవుతుంది.

అయితే ఈ కడ్డీ టైర్లకు కొత్త పట్టు తెచ్చిపెట్టదు. మలుపులో లోపలి చక్రాల నుంచి బయటి చక్రాల మీదికి జరిగే బరువులో ముందు ఇరుసు ఎంత మోయాలి, వెనక ఇరుసు ఎంత మోయాలి అన్న పంపకాన్ని మాత్రమే మారుస్తుంది. ఏ ఇరుసు బిగువు పెంచితే ఆ ఇరుసు వాటా పెరుగుతుంది, దాని టైర్లు ముందుగా జారతాయి. ఖాళీ తొట్టితో తిరిగే పికప్‌కు బరువంతా ఇంజను వైపే ఉంటుంది, వెనక తేలిక. అలాంటి వెనక భాగాన్ని మరీ బిగిస్తే, మీ ఊరి వానల్లో తడిసిన వంపులో తోక పక్కకు విసురుతుంది. పైగా లోపలి వెనక చక్రం మీద బరువు తగ్గి, రెండు వెనక చక్రాలకూ ఇంజను శక్తిని పంచే డిఫరెన్షియల్ మామూలు రకమైతే ఆ చక్రం ఉత్తినే గిర్రున తిరుగుతుంది. ముందు ఇరుసును బిగించినప్పుడు జరిగే తప్పు ఇంత ప్రమాదకరం కాదు: ముక్కు కాస్త వెడల్పుగా పోతుంది, యాక్సిలరేటర్ మీద కాలు మెల్లగా సడలిస్తే దారికి వస్తుంది.

మీ బండి విషయంలో ఇంకో సంగతి ఉంది. 1960 నుంచి 1972 దాకా వచ్చిన ఈ షెవ్రోలే పికప్‌ల వెనక ఇరుసును రెండు పొడవాటి ట్రెయిలింగ్ ఆర్మ్‌లు (ఛాసిస్ నుంచి వెనక్కి సాగే చేతులు) పట్టుకుని ఉంటాయి. అమెరికాలో జరిగే నాస్కార్ పందేల్లో పై అంచె అయిన కప్ సిరీస్ కార్లలో దశాబ్దాల పాటు, 2021 సీజన్ దాకా వాడింది ఈ ఏర్పాటునే. అక్కడ దాని పేరే ‘ట్రక్ ఆర్మ్’. ఆ ఆర్మ్‌లు యు-బోల్టులతో ఇరుసుకు గట్టిగా బిగిసి ఉంటాయి కనుక బండి ఒరిగినప్పుడు అవి కూడా మెలితిరగాలి, తిరుగుతూ కొంత అడ్డుకుంటాయి. అంటే వెనక మీకు కొంత స్వే బార్ పని ఇప్పటికే జరుగుతోందన్నమాట. బలం కోసమని ఆ ఆర్మ్‌లకు పక్కన రేకులు వెల్డింగ్ చేసి పెట్టెలా మూసేవారున్నారు. మీరు మాత్రం ఆ పని చేయకండి. మెలితిరగలేని ఆర్మ్ ఆ బలాన్నంతా కీళ్లలోని బుష్‌ల మీదికీ బ్రాకెట్ల మీదికీ తోస్తుంది.

పని మొదలుపెట్టే ముందు పాతవి చూడండి. ముందు చక్రాలను ఛాసిస్‌కు పట్టి ఉంచే కంట్రోల్ ఆర్మ్‌ల అరిగిన బుష్‌లు, వాటి కొసల్లో వదులైన బాల్ జాయింట్లు, చచ్చిన షాక్ అబ్జార్బర్లు ఉంచుకుని పైన కొత్త కడ్డీ బిగించడం దండగ. ఇరుసు పక్కలకు జరగకుండా వెనక అడ్డంగా ఉండే ప్యాన్‌హార్డ్ రాడ్‌ను ప్రత్యేకంగా చూడమంటాను. మీ మోడల్‌లో అది పొట్టిది. ఇరుసు పైకీ కిందికీ కదిలినప్పుడల్లా దాన్ని కాస్త పక్కకు కూడా లాగుతుంది. గతుకుల్లో వెనక భాగం పక్కకు గెంతినట్టు అనిపిస్తే కారణం ఇదే కావచ్చు, దానికి ఏ స్వే బారూ మందు కాదు.

ఇక రంధ్రాల సంగతి. ఛాసిస్ పట్టీ నిలువు గోడలో వేయవచ్చు. పైఅంచుకూ కిందిఅంచుకూ వేయకూడదు, వంగే బలమంతా పడేది అక్కడే. గ్యాస్ కటింగ్ వద్దే వద్దు. సన్నని డ్రిల్లు బిట్టుతో మొదలుపెట్టి అంచెలంచెలుగా పెంచి, బయటపడిన ఇనుముకు రంగు పూయండి. డ్రిల్లు పెట్టే ముందు గోడ అవతల చెయ్యి పెట్టి తడమండి: మీ బండిలో పెట్రోలు ట్యాంకు సీటు వెనక క్యాబిన్‌లోనే ఉంటుంది, అక్కడి నుంచి గొట్టం ఇంజను దాకా ఛాసిస్ వెంటే వెళుతుంది, బ్రేకు గొట్టాలూ అటే. చక్రాలకు అడ్డు పెట్టి, బండిని స్టాండ్ల మీద నిలిపాకే కిందికి దూరండి. జాకీని నమ్మి దూరకండి.

బిగింపులో చాలామంది చేసే తప్పు, చక్రాలు గాలిలో వేలాడుతుండగానే బోల్టులన్నీ చివరిదాకా బిగించేయడం. నేనూ ఒకసారి ఆ తప్పు చేసి, బండి ఒక పక్కకు వాలినట్టు నిలబడుతుంటే స్ప్రింగును అనుమానిస్తూ రెండు ఆదివారాలు పోగొట్టుకున్నాను. ముందు అన్నీ వదులుగా తగిలించి, బండిని చదునైన నేల మీద దాని బరువు మీద నిలపండి. అప్పుడు రెండో పక్క కడ్డీ కొసను కలిపే లింకు బోల్టు రంధ్రంలోకి వేళ్లతో నెడితే దూరిపోవాలి. పలుగుతో నెట్టాల్సి వస్తే కడ్డీ అప్పటికే మెలితిరిగి ఉన్నట్టు. లింకు పొడవు సరిచేయండి. ఆ తర్వాతే సెట్టుతో వచ్చిన కాగితంలోని కొలత ప్రకారం బిగింపు బలాన్ని కొలిచే టార్క్ పానాతో బిగించండి.

టైరుకూ కడ్డీకీ మధ్య ఎడం చూడటానికి పిల్లలు ఆడుకునే బంకమట్టి ముద్దను కడ్డీకి అంటించి, స్టీరింగును ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పండి. ముద్ద మీద టైరు గీత పడిందంటే ఎడం చాలనట్టే. పాలీయురేథేన్ బుష్‌లైతే లోపల సిలికాన్ గ్రీజు దట్టంగా పూయండి, లేకపోతే నెల తిరక్కుండానే పాత పందిరి మంచంలా కిర్రుమంటాయి. వంద మైళ్లు తిరిగాక నట్లన్నీ మరోసారి చూడండి.

ప్రశ్న: నాది 1971 జిఎంసి పికప్, వెనక కమాన్ పట్టీలు. తొట్టి మీద క్యాంపర్ గూడు పెట్టుకుని కొండదారుల్లో తిరుగుతాను. నాకు కూడా ముందుది చాలా?

జవాబు: చాలకపోవచ్చు. కమాన్ పట్టీలు ఒరుగుడును కొంత ఆపుతాయి గాని, అంత ఎత్తున బరువు పెట్టినప్పుడు వెనక ఇరుసు మీద పడే భారం వేరు. ముందరి కడ్డీ వేసుకున్నాక కూడా ఊగుతుంటే వెనక ఒక మాదిరి లావున్నది వేయండి. లింకులు తేలిగ్గా విప్పుకునే రకమైతే, క్యాంపర్ దించి ఖాళీ తొట్టితో తిరిగే రోజుల్లో వాటిని విప్పి, కడ్డీ కొసలు దేనికీ తగలకుండా కట్టి ఉంచుకోవచ్చు.