టార్చి వేసి లోపల చూడు

ఒరే చిన్నా,

ఫొటోలు చూశాను. ఆ పాత డ్రమ్ సెట్టును గరాజ్ సేల్‌లో 60 డాలర్లకు కొన్నావంటే మోసపోలేదులే. కానీ "మావయ్యా, ఇది లడ్విగ్గేనా, వేలల్లో పోతుందా?" అని అడిగావు చూడు, అక్కడ కాస్త ఆగు. లడ్విగ్ అంటే పేరున్న అమెరికా డ్రమ్ముల కంపెనీ. డ్రమ్ము చుట్టూ అంటించిన ఎర్ర మెరుపుల షీటు చూసి మనసు పారేసుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

1964 ఫిబ్రవరి 9న బీటిల్స్ అమెరికా టీవీలో వాయించారు. వాళ్ల డ్రమ్మర్ రింగో వాయించిన లడ్విగ్ సెట్టు చూసి ఊరూరా కుర్రాళ్లు డ్రమ్స్ కావాలని పేచీ పెట్టారు. తండ్రుల జేబుల్లో అంత డబ్బేదీ? ఆ గిరాకీకి జపాన్ నుంచి చవక సెట్లు దిగాయి. చేసింది పెర్ల్, స్టార్ లాంటి అక్కడి కంపెనీలు (ఆ స్టారు బ్రాండే తర్వాత టామా అయింది). దిగుమతిదారుడు మాత్రం బ్యాడ్జి మీద తనకు తోచిన పేరు వేయించుకునేవాడు: అపోలో, మెజెస్టిక్, స్టువర్ట్. ఒకే సెట్టుకు పది పేర్లన్నమాట. అందుకే పేరు పట్టుకుని వెతికితే ఏమీ తేలదు.

హెడ్ (వాయించే పొర) విప్పి లోపల టార్చి వెయ్యి. గరుగ్గా, పాలిష్ లేకుండా, ఎర్రమట్టి రంగులో చెక్క కనిపిస్తే అది లువాన్ ప్లైవుడ్, చాలామటుకు జపాన్ సెట్టే. షీటు అతుకు కూడా చూడు. చాలా జపాన్ డ్రమ్ములకు షీటు చివర చెక్క సందులోకే దూరి ఉంటుంది. అసలు లడ్విగ్ అయితే 1964 నుంచి బ్యాడ్జి మీద సీరియల్ నంబరు ఉంటుంది, లోపల ఎర్ర సిరా తేదీ ముద్ర కూడా తరచుగా దొరుకుతుంది.

తర్వాత డ్రమ్మును మీ వంటింటి గ్రానైట్ గట్టు మీద బోర్లించి, లోపల టార్చి పెట్టి లైటు ఆర్పు. అంచు కింద నుంచి వెలుగు కారిందంటే అంచు అరిగిందో, వంకర పోయిందో. కొత్తగా వేసిన కన్నాలు లెక్కపెట్టు. నేను ఒకసారి కొత్త స్టాండు కోసం పాత బేస్ డ్రమ్ముకు నా చేతులతోనే డ్రిల్లు వేశాను. అమ్మబోతే కొనేవాడు ఆ కన్నంలో వేలు పెట్టి చూసి, సగం ధర చెప్పాడు. మాట పడిపోయింది నాకు.

స్నేరు (అడుగున తీగలుండే డ్రమ్ము), తాళాలు (సింబల్స్) విడిగా చూడు. స్టూడెంట్ సెట్లలో అసలు డబ్బు తరచూ అక్కడే ఉంటుంది. ఎవరో మధ్యలో అల్యూమినియం స్నేరు, లడ్విగ్ అక్రోలైట్ లాంటిది, తెచ్చి కలిపి ఉండొచ్చు. తాళం లోహంలో నొక్కిన జిల్డ్‌జియన్ (పేరున్న తాళాల కంపెనీ) ముద్ర ఉంటే పక్కన పెట్టు, బ్రాసో లాంటి లోహపు పాలిష్‌తో రుద్దకు. పాత రంగు పోతే ధరా పోతుంది.

ధరకు, అమ్మేవాళ్లు అడిగే అంకెలు చూడకు. ఈబేలో "అమ్ముడైనవి" అని వడకట్టి అవే చూడు. ఇలాంటి జపాన్ సెట్లు పూర్తిగా ఉంటే 200 నుంచి 400 డాలర్ల మధ్య పోవడం నేను చూశాను. అందులో ఒక్క టామ్ (సెట్టులోని చిన్న డ్రమ్ముల్లో ఒకటి) లేకపోయినా బేరం వేరు.

విప్పిన స్క్రూలు, క్లాలు (అంచు చక్రాన్ని పట్టే కొక్కేలు) ఏ డ్రమ్మువి ఆ డబ్బాలో వెయ్యి. ఆ కాలపు జపాన్ స్క్రూలు ఇప్పటివాటికి సరిపోక నేను మూడు వారాలు తిరిగాను.

మావయ్య