ఇంటర్‌లో సంస్కృతం చదివిన అమ్మాయి డిగ్రీ తెలుగుకు ఆరు వారాల్లో ఎలా సిద్ధం కావాలి?

అడిగిన ప్రశ్న ఇది: "మా అమ్మాయి పదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం, తెలుగు ఒక సబ్జెక్టు. ఇంటర్ విజయవాడలోనే, మార్కుల కోసం సంస్కృతం పెట్టించాం. ఇప్పుడు డిగ్రీలో తెలుగు తీసుకుంది. క్లాసులకు ముందు ఆరు వారాల బ్రిడ్జి కోర్సు ఉంది. మాట్లాడటం బాగానే వచ్చు, నాలుగు వాక్యాలు కలిపి రాయమంటే ఆగిపోతోంది. ముందు వ్యాకరణం చదివించాలా, పేరా రాయించాలా?"

పేరా రాయించండి. వ్యాకరణం అందులోంచే వస్తుంది. సంధుల పేర్లు, సమాసాల పేర్లు బట్టీపడితే బిట్ ప్రశ్నలకు పనికొస్తాయి గానీ పేరా రాయడం రాదు. పైగా మీ అమ్మాయికి వ్యాకరణం రాదని అనుకోవద్దు. "నేను వెళ్లాడు" అని ఆమె ఎప్పుడూ అనదు కదా! మన కృష్ణా, గుంటూరు వైపు మాట పత్రికల్లో కనిపించే తెలుగుకు బాగా దగ్గర. అది ఆమెకు పెద్ద ఆస్తి. రెండేళ్లు తెలుగు రాయకపోవడం వల్ల పోయింది రాసే అలవాటు, అక్షరదోషాలు పట్టే కన్ను. దాంతోపాటు ఇంగ్లీషు వాక్యాన్ని మనసులో అనుకుని దాన్ని తెలుగులోకి దించే అలవాటు పట్టి ఉంటుంది. సరిచేయాల్సింది ఈ మూడే.

మొదటి వారం పేరా జోలికి పోవద్దు. రోజూ పావుగంట డిక్టేషన్ చెప్పండి. పత్రిక జిల్లా పేజీలోంచి ఒక చిన్న వార్త, ఎనిమిది పది పంక్తులు చాలు. సంపాదకీయం వద్దు, అందులో వాక్యాలు పొడుగ్గా ఉంటాయి. మామూలుగా మాట్లాడే వేగంతో చదవండి. రాశాక తనే అసలు వార్తతో పోల్చుకుని తప్పులు గుర్తుపట్టాలి. మీరు దిద్దితే ఆ తప్పులు ఆమెకు గుర్తుండవు.

బ్రిడ్జి కోర్సు నోటుబుక్కులు దిద్దేటప్పుడు మళ్లీ మళ్లీ కనిపించే అక్షరదోషాలకు మూలం ఫోను. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు టైపు చేసేటప్పుడు ల, ళ రెంటికీ ఒకే అక్షరం. న, ణ అంతే. త, ట అంతే. హ్రస్వానికీ దీర్ఘానికీ తేడా చూపించేవాళ్లు తక్కువ. అలా రెండేళ్లు నడిచాక కాగితం మీద "కల్లు" అని రాసి కళ్లు అనుకుంటారు, "వేల" అని రాసి వేళ అనుకుంటారు. మెడకూ మేడకూ ఒక్క దీర్ఘమే తేడా. అందుకని ఈ ఆరు వారాలూ ఇంట్లో మెసేజీలు కూడా తెలుగు లిపిలోనే పెట్టమనండి. పేరా మాత్రం పెన్నుతోనే రాయాలి. ఫోను పదాన్ని సగంలోనే పూర్తిచేసి చూపిస్తుంది, పరీక్ష హాల్లో ఆ సాయం ఉండదు.

ణ విషయంలో చదివిన సంస్కృతం అక్కరకొస్తుంది. సంస్కృతం నుంచి వచ్చిన పదంలో ముందు ర, ష, ఋ ఉంటే తరువాత వచ్చే న సాధారణంగా ణ అవుతుంది: కారణం, ప్రయాణం, భూషణం. మధ్యలో చ వర్గం, త వర్గం అక్షరమో, శ, స లాంటివో అడ్డొస్తే మారదు: రచన, ప్రధానం, దర్శనం. గుణం, కోణం లాంటివి పుట్టుకతోనే ణ ఉన్నవి, వాటిని గుర్తుపెట్టుకోవడమే. ఇంకో జంట అర్థం, అర్ధం. థ ఉన్నది భావం, ధ ఉన్నది సగం. విద్యార్థి, ప్రార్థన, పదార్థం అన్నిట్లోనూ థ. ఈ ఒక్కటి కుదిరితే పది పదాలు బాగుపడతాయి. అనుమానం వచ్చిన పదాన్ని ఆంధ్రభారతి వెబ్‌సైటు నిఘంటువులో వెతుక్కోవచ్చు. "ప్రాధాన్యత", "ప్రాముఖ్యత" అని అందరూ రాస్తున్నారు గానీ ప్రాధాన్యం, ప్రాముఖ్యం చాలు. భావాన్ని చెప్పే ప్రత్యయం అప్పటికే అందులో ఉంది, దానికి మళ్లీ "త" తగిలించడం దండగ.

రెండో వారం వాక్యాలు. రోజుకు పది, ఒక్కోటి ఎనిమిది నుంచి పన్నెండు మాటల్లోపు. ఈ కొలత ఎందుకంటే తెలుగులో క్రియ చివర వస్తుంది. వాక్యం సాగేకొద్దీ చదివేవాళ్లు అన్నిటినీ మోసుకుంటూ క్రియ కోసం ఎదురుచూడాలి. రాసేవాళ్లు కూడా అక్కడికి చేరేసరికి కర్త ఏకవచనమో బహువచనమో మర్చిపోతారు. "కాలేజీలో ఉన్న ల్యాబులు, లైబ్రరీ, హాస్టల్ అన్నీ బాగుంది" లాంటివి పుట్టేది అక్కడే.

ఇక్కడ ఎక్కువగా దొర్లే తప్పులు ఇవి. అనుస్వారంతో ముగిసే పదానికి విభక్తిని నేరుగా అతికించడం మొదటిది. "పుస్తకంను", "గ్రామంకు", "కార్యక్రమంకు" అని బ్యానర్ల మీద కూడా చూస్తాం. పుస్తకాన్ని, గ్రామానికి, కార్యక్రమానికి అని రాయాలి. "లో" మాత్రం నేరుగా చేరుతుంది: గ్రామంలో. ఆ "లో"ను పదానికి దూరంగా, "విజయవాడ లో" అని విడగొట్టి రాయడం ఫోను నేర్పిన మరో అలవాటు. కొన్ని పదాలు విభక్తి చేరే ముందు రూపు మార్చుకుంటాయి: ఇల్లు ఇంటి, రాయి రాతి, నోరు నోటి, ఏరు ఏటి. "ఇల్లు తలుపు" కాదు, ఇంటి తలుపు. ఇలాంటివి ఇరవై పదాల జాబితా నోటుబుక్కు వెనక రాసుకుంటే సరిపోతుంది.

మనుషులను లెక్కపెట్టేటప్పుడు "రెండు అమ్మాయిలు", "నాలుగు విద్యార్థులు" అని ఇంగ్లీషు మీడియం పిల్లలు తరచుగా రాస్తారు. ఇద్దరు, ముగ్గురు, నలుగురు, అలా ఏడుగురు దాకా వెళ్లి, ఎనిమిది నుంచి "మంది" వస్తుంది.

"చెప్పి", "వెళ్లి", "తిని" లాంటి రూపాలతో రెండు పనుల్ని కలిపేటప్పుడు ఆ రెండు పనులూ ఒకరే చేయాలి. "మాస్టారు పాఠం చెప్పి పిల్లలు ఇంటికి వెళ్లారు" అంటే చెప్పింది ఒకరు, వెళ్లింది ఇంకొకరు, వాక్యం నిలవదు. "మాస్టారు పాఠం చెప్పాక పిల్లలు ఇంటికి వెళ్లారు" అనాలి. "వర్షం పడి బస్సు ఆలస్యమైంది" లాంటివి చెల్లుతాయి, ఎందుకంటే అక్కడ మొదటిది రెండోదానికి కారణం. ఈ తేడాను వినిపించి చెప్పండి, సూత్రంగా చెబితే బుర్రకెక్కదు.

ఇక ఇంగ్లీషు నీడ. నాలుగు మాటల మీద కన్నేసి ఉంచితే సగం పోతుంది: మరియు, యొక్క, కలిగి ఉంది, చేయబడింది. "అమ్మ మరియు నాన్న వచ్చారు" అనక్కర్లేదు, "అమ్మా నాన్నా వచ్చారు" అని చివర దీర్ఘం ఇస్తే చాలు. "నది యొక్క నీరు" నది నీరే. "మా ఊరు మూడు గుడులను కలిగి ఉంది" అని ఎవరూ మాట్లాడరు, మా ఊళ్లో మూడు గుడులు ఉన్నాయి. "ప్రభుత్వంచే నిర్మించబడింది" అన్నదాన్ని "ప్రభుత్వం కట్టించింది" అని తిప్పండి.

మాట్లాడే యాస గురించి ఒక మాట. "వచ్చిద్ది", "చెప్పిద్ది" అనడం తప్పు కాదు, అది మన గుంటూరు పలుకు. కథలో సంభాషణకు అదే అందం. పరీక్ష పేరాలో మాత్రం వస్తుంది, చెబుతుంది అని రాయాలి. అలాగని గ్రాంథికంలోకి పోనక్కర్లేదు. గిడుగు రామమూర్తి పంతులు పోరాడింది ఈ వాడుక తెలుగు కోసమే, ఈ రోజు పాఠ్యపుస్తకాలూ అందులోనే ఉన్నాయి. మార్కులు పోయేది రెండూ కలిపినప్పుడు. ఒక వాక్యంలో "చేయుచున్నారు", పక్క వాక్యంలో "చేస్తున్నారు" ఉంటే దిద్దేవాళ్లకు వెంటనే కంట పడుతుంది.

మూడో వారం నుంచి పేరా. వారానికి నాలుగు, ఒక్కోటి ఆరు నుంచి ఎనిమిది వాక్యాలు. మొదట్లో ఏదైనా ఒక పని ఎలా చేయాలో రాయించండి: గోంగూర పచ్చడి ఎలా చేస్తారు, బస్టాండు నుంచి బెంజి సర్కిల్‌కు ఎలా వెళ్లాలి. వీటిలో ఏ వాక్యం తరువాత ఏది రావాలో పనే చెబుతుంది, అందుకే తొలి పేరాకు ఇవి మంచివి. చూసుకోవాల్సిందల్లా క్రియ. "వేయాలి" అని మొదలుపెట్టి, "వేయించండి" అని మధ్యలో మారి, "నూరుతారు" అని ముగిస్తారు. ఒకటే పట్టుకోవాలి.

తరువాత ఏదైనా విషయం గురించి. పేరా ఆగిపోవడానికి అసలు కారణం, దేని గురించి రాస్తున్నామో తెలిసినా ఏ ప్రశ్నకు జవాబు రాస్తున్నామో తెలియకపోవడం. రాసే ముందు మార్జిన్‌లో పెన్సిల్‌తో ఒక ప్రశ్న రాయించండి. ఉదాహరణకు ప్రకాశం బ్యారేజీ అనే అంశం ఇస్తే సాధారణంగా వచ్చే పేరా ఇలా ఉంటుంది:

"ప్రకాశం బ్యారేజీ అనేది విజయవాడలో ఉన్న ఒక చాలా ముఖ్యమైన బ్యారేజీ. ఇది కృష్ణా నది మీద నిర్మించబడింది. విజయవాడలో కనకదుర్గ గుడి ఉంది మరియు అక్కడికి చాలామంది వస్తారు. ఇది 1957 లో నిర్మించబడింది. ఇది టంగుటూరి ప్రకాశం యొక్క పేరును కలిగి ఉంది."

"ఇది" మూడుసార్లు, మధ్యలో గుడి. ఐదు వాక్యాలూ విడివిడిగా పడి ఉన్నాయి, ఏ రెంటిని అటూ ఇటూ మార్చినా పెద్ద తేడా రాదు. పేరా కుదరలేదనడానికి అదే గుర్తు. ఇప్పుడు "ఈ బ్యారేజీ ఎందుకు కట్టాల్సి వచ్చింది?" అని మార్జిన్‌లో రాసుకుని మొదలుపెడదాం:

"కృష్ణా డెల్టా పొలాలకు నీళ్లు మళ్లించడానికి విజయవాడ దగ్గర 1855 నాటికే ఒక ఆనకట్ట కట్టారు. దాదాపు వందేళ్లు పనిచేసిన ఆ ఆనకట్ట 1952లో తెగిపోయింది. దాంతో సాగునీటికి కొత్త కట్టడం తప్పనిసరి అయింది. అలా 1957లో పూర్తయినదే ప్రకాశం బ్యారేజీ. ఇక్కడి నుంచి నీళ్లు నదికి రెండు వైపులా ఉన్న కాలువల్లోకి వెళ్తాయి. పైనున్న రోడ్డు విజయవాడను గుంటూరు వైపు ఒడ్డుతో కలుపుతుంది."

"ఆ ఆనకట్ట", "దాంతో", "అలా", "ఇక్కడి నుంచి". ప్రతి వాక్యం వెనక వాక్యం చెయ్యి పట్టుకుంది. తెలుగు పేరాను కట్టేది ఈ చిన్న మాటలే. "కాబట్టి", "అందువల్ల" పేరాకు ఒకసారి చాలు. చివరి వాక్యం నిజమే, బాగానే ఉంది, కానీ మార్జిన్ ప్రశ్నకు జవాబు కాదు. దాన్ని కొట్టేయాలి, లేదా రోడ్డు గురించి వేరే పేరాలో పెట్టాలి. పిల్లలకు కష్టమనిపించేది ఇదే. కష్టపడి రాసిన మంచి వాక్యాన్ని తీసేయడానికి మనసొప్పదు. రెండో పేరాలో దానికి చోటు చూపించండి, అప్పుడు ఒప్పుకుంటారు.

నోటుబుక్కులో ఎడమ పేజీ చిత్తు, కుడి పేజీ సాపు. చిత్తు రాసిన రోజే సాపు రాయకూడదు. మర్నాడు గట్టిగా చదివి, నాలుక తడబడిన చోట గీత గీసి, అప్పుడు రాయాలి. కంటికి దొరకని తప్పు చెవికి దొరుకుతుంది, ముఖ్యంగా చిన్నప్పటి నుంచీ తెలుగు వింటూ పెరిగిన పిల్లలకు. దిద్దేటప్పుడు ఒక పేరాలో ఒకే రకం తప్పు చూడండి: ఈ వారం విభక్తులు, వచ్చే వారం "బడు" క్రియలు. పేజీ నిండా ఎర్ర సిరా కనిపిస్తే మర్నాడు మూడు వాక్యాలే రాస్తుంది, అవీ తప్పు రాకుండా తెలిసిన మాటలతోనే.

చదవడానికి ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పాత తెలుగు వాచకాలు చాలు. లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల షాపుల్లో అడగండి. ఒక పాఠంలోంచి ఒక పేరా తీసుకుని, దానికి మార్జిన్ ప్రశ్న ఏమై ఉంటుందో రాయమనండి. రోజుకు ఒకటి, ఐదు నిమిషాల పని. సంధులు, సమాసాలు ఐదో వారంలో మొదలుపెట్టండి. అప్పటికి తను రాసిన పేరాల్లోనే "ఏమైంది", "విద్యార్థి", "దేవాలయం" దొరుకుతాయి, ఉదాహరణల కోసం గైడు కొనక్కర్లేదు.

దిద్దడానికి ఇంట్లో ఎవరికీ కుదరకపోతే, అదే బ్యాచ్‌లో ఇంకో అమ్మాయితో నోటుబుక్కులు మార్చుకోమనండి. తప్పులు దిద్దనక్కర్లేదు. మార్జిన్ ప్రశ్నను చేత్తో మూసి పేరా ఇచ్చి, "ఇది ఏ ప్రశ్నకు జవాబు?" అని అడిగితే చాలు. ఇద్దరి ప్రశ్నా ఒకటే అయితే ఆ పేరా సాపు రాయొచ్చు. కాకపోతే ఏ వాక్యం దగ్గర ఆమె వేరే దారి పట్టిందో అడిగి, అక్కడి నుంచి మళ్లీ రాయాలి.